ల్యాబ్‌లో కాగితం మానేసే ముందు: మేనల్లుడికి అత్తయ్య ఉత్తరం

చి. అబ్బాయికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసింది, టెన్షన్ పడుతున్నావని. మీ మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే క్యూసీ ల్యాబ్ మొత్తం ఏడాదిలో కాగితం మానేసి లిమ్స్‌లోకి, అదే ల్యాబ్ రికార్డులన్నీ దాచే సాఫ్ట్‌వేర్‌లోకి, రావాలన్నారు, డెమోలు ఇచ్చేవాళ్లు వరస కట్టారు, నీకు నిద్ర పట్టట్లేదు. ముప్ఫై ఏళ్లు జీడిమెట్ల బస్సు ఎక్కి దిగినదాన్ని, అందులో చివరి పదేళ్లూ ఈ గొడవే. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. మా ల్యాబ్‌కి మొదటిసారి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని సూపర్‌వైజర్ గదిలో పెట్టించింది నేనే. దుమ్ము పడకూడదట! తూకం గది ఆ చివర, కంప్యూటర్ ఈ చివర. చేతికి గ్లౌజులు, బ్యాలెన్స్ మీద పౌడరు పెట్టుకుని అంత దూరం ఎవరు నడుస్తారు? బటర్ పేపర్ ముక్క మీద 50.12 అని గీకి జేబులో వేసుకుని, సాయంత్రం అందరూ ఒకేసారి కూర్చుని టైపు చేసేవాళ్లు. ఆడిట్‌కి వచ్చినాయన ఫైళ్ల జోలికే పోలేదు, చెత్తబుట్ట బోర్లించమన్నాడు. నాలుగు ముక్కలు బయటపడ్డాయి. ఒకదాని మీద 50.12 ఉంటే కంప్యూటర్‌లో 50.21 ఉంది. పిల్లాడు అలసిపోయి అంకెలు తారుమారు చేశాడంతే. ఆ మాట నమ్మించడానికి మాకు మూడు నెలలు పట్టింది.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టు. ఒక వారం పాటు ఏదో ఒక శాంపిల్ వెంట తిరుగు. అది గేటు దాటి వచ్చిన దగ్గర్నుంచి సీఓఏ (పరీక్షల ఫలితాలు రాసిచ్చే సర్టిఫికెట్) మీద సంతకం పడేదాకా, ఒకే అంకెని ఎన్నిసార్లు తిరగరాస్తున్నారో లెక్కపెట్టు. మా దగ్గర అయిదు: చిత్తు ముక్క, వర్క్‌షీట్, ఎక్సెల్, రిజిస్టరు, సీఓఏ. బ్యాలెన్స్ నుంచి తూకం నేరుగా సిస్టమ్‌లోకి వెళ్లే ఏర్పాటు చేయగానే మధ్యలో మూడు మాయమయ్యాయి. హెచ్‌పీఎల్‌సీలకు (శాంపిల్ ఇంజెక్ట్ చేస్తే అందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే యంత్రాలకు) ఎలాగూ సాఫ్ట్‌వేర్ ఉంది, వాటితో మొదలుపెట్టకు. శాంపిల్ నమోదు, బార్‌కోడ్, బ్యాలెన్స్, పీహెచ్ మీటర్: వీటిని ముందు దారికి తెచ్చుకో.

ఎక్సెల్ మీద ఒక కన్నేసి ఉంచు. 05E2 అని బ్యాచ్ నంబరు కొడితే అది దాన్ని అయిదు వందలుగా మార్చేస్తుంది. ఇది మన ఒక్కళ్ల బాధే కాదురా. జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తోందని, 2020లో ఏకంగా కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు శాస్త్రవేత్తలు. సెప్ట్1 కాస్తా సెప్టిన్1 అయింది!

గడియారాల సంగతి నీకెవరూ చెప్పరు. మా బ్యాలెన్స్ ఏడు నిమిషాలు ముందుంది, హెచ్‌పీఎల్‌సీ కంప్యూటర్ సరిగ్గా ఉంది. రికార్డులో చూస్తే శాంపిల్ తూచకముందే ఇంజెక్ట్ చేసినట్టు కనిపించింది. కాగితం మీద ఎవరూ నిమిషాలు పట్టించుకోరు, సిస్టమ్ మాత్రం అన్నీ గుర్తుపెట్టుకుని చూపిస్తుంది. అన్నిటికీ ఒకే సర్వర్ నుంచి టైము వచ్చేలా చూడు, దాన్ని మార్చే హక్కు ల్యాబ్‌లో ఎవరికీ ఉండకూడదు.

హక్కులంటే గుర్తొచ్చింది. పెద్దమనిషివి కదా అని అడ్మిన్ లాగిన్ నీకే ఇస్తామంటారు. వద్దను. ఫలితాలకు బాధ్యుడైన మనిషి చేతిలో వాటిని చెరిపే తాళంచెవి ఉండకూడదు, అది ఐటీ వాళ్ల దగ్గర ఉండనీ. అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డ్ పెట్టి మానిటర్‌కి అంటించే అలవాటు మీ ల్యాబ్‌లో ఉంటే ఈ రోజే పీకి పారెయ్. సెలవులో ఉన్నవాడి పేరు మీద పరీక్ష జరిగిందంటే ఏం సమాధానం చెప్తావు? కంప్యూటర్ రికార్డులు, సంతకాల మీద అమెరికా వాళ్ల పార్ట్ 11 నిబంధన వచ్చింది 1997లో. మన దగ్గర 2023 డిసెంబరులో వచ్చిన కొత్త షెడ్యూల్ ఎమ్ (మందుల తయారీ నియమాలు) కూడా కంప్యూటర్ల సంగతి ఎత్తింది. రెండూ తీసి చదువు, కన్సల్టెంట్ నోటి మాట మీద ఉండకు.

పాత కాగితాలన్నీ టైపు చేయిస్తానని మాత్రం ఒప్పుకోకు. కొత్త తప్పులు పుడతాయి. కాగితం మీద మొదలైన స్టెబిలిటీ స్టడీని (మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే పరీక్షని) కాగితం మీదే ముగించు. స్కాన్ చేయించాల్సి వస్తే బ్యాలెన్స్ ప్రింటవుట్లతో మొదలుపెట్టు, ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు వెలిసిపోతాయి. పేజీ వెనకవైపు కూడా స్కాన్ చేయమను, సగం నిజాలు అక్కడే రాసుంటాయి.

కాగితం, కంప్యూటర్ రెండూ పక్కపక్కన ఎక్కువ రోజులు నడపకు. తేదీ ఒకటి పెట్టుకుని, ఆ రోజు ఖాళీ వర్క్‌షీట్లన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకో. కరెంటు పోయినప్పటికి నంబర్లు వేసిన ఫారాలు కొన్ని నీ బీరువాలో ఉంచుకుంటే చాలు. బ్యాకప్ ఉందంటే నమ్మకు, నెలకోసారి ఏదో ఒక పాత ఫైలు తెచ్చి తెరిచి చూపించమను. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 77 టెరాబైట్ల పరిశోధన డేటా పోయింది. పోగొట్టింది ఎవరనుకున్నావు, బ్యాకప్ ప్రోగ్రామే.

మీ ల్యాబ్‌లోనూ ఒక పెద్దాయన ఉండే ఉంటాడు, ముత్యాల్లాంటి దస్తూరీ, ఒంటి వేలితో టైపింగు. కొత్త స్క్రీన్లు మొదట ఆయనకే చూపించు. మా దగ్గర అలాంటాయన మార్జిన్లో "ఈ కాలమ్‌కి పొద్దున్నే బేస్‌లైన్ కదులుతుంది, అరగంట ఆగాలి" లాంటివి రాసేవారు (కాలమ్ అంటే హెచ్‌పీఎల్‌సీలో బిగించే గొట్టం, బేస్‌లైన్ అంటే దాని గ్రాఫ్‌లో అడుగు గీత). కొత్త ఫారంలో మార్జిన్ లేదు. ఆయన రిటైరయ్యాక ఆ కాలమ్‌తో ఒక కుర్రాడు రెండు రోజులు కుస్తీ పట్టాడు. ప్రతి స్క్రీన్ మీదా రాసుకోవడానికి కాస్త ఖాళీ చోటు అడిగి పెట్టించుకో. వెండర్ అక్కర్లేదంటాడు, వినకు.

సోమవారం వెళ్లగానే ఒక పని చెయ్యి. తూకం బల్ల దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా ఎన్ని అడుగులో నడిచి చూసి, రాత్రికి ఫోన్ చెయ్యి. అమ్మని అడిగానని చెప్పు.

మీ అత్తయ్య