రెండు యాక్సిళ్ల ట్రాలీ టైర్లు ఒక అంచునే అరుగుతుంటే యాక్సిల్ మార్చే ముందు టేపు పట్టండి

మీ ట్రాక్టర్ ట్రాలీకి రెండు యాక్సిళ్లు ఉన్నాయని, వెనక యాక్సిల్ మీది ఎడమ టైరు లోపలి అంచున, కుడి టైరు బయటి అంచున బాగా అరిగిపోయాయని రాశారు. ముందు జతలో కూడా కొద్దిపాటి అరుగుదల ఉందని, అది ఎడమ టైరుకు బయట, కుడి టైరుకు లోపల కనబడుతోందని చివర్లో ఒక మాట చేర్చారు. మెకానిక్ యాక్సిల్ వంగిందని చెప్పి కొత్తది వేయించమన్నారు కనుక ఆ ఖర్చు పెట్టవచ్చా అని మీ ప్రశ్న. ఇప్పుడే పెట్టవద్దని నా సలహా. మీరు చివర్లో చేర్చిన ఆ చిన్న మాటే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది.

ట్రాలీ వెనక నిలబడి ఆ నాలుగు టైర్లను ఒకసారి ఊహించుకోండి. వెనక టైర్లు రెండూ కుడి అంచునే అరిగాయి, ముందు టైర్లు రెండూ ఎడమ అంచునే అరిగాయి. అధిక బరువుకు యాక్సిల్ నడుము కిందికి వంగినప్పుడు ఇలా జరగదు. అప్పుడు రెండు చక్రాల పైభాగాలూ లోపలికి వాలుతాయి కాబట్టి ఒకే యాక్సిల్ మీది రెండు టైర్లూ లోపలి అంచులనే పోగొట్టుకుంటాయి. మీ ట్రాలీ టైర్లు చెబుతున్నది వేరు. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లు చెరో దారి పట్టినట్టు మీ రెండు యాక్సిళ్లూ చెరో దిక్కుకు లాగుతున్నాయి. వెనక జత కొంచెం ఎడమకు పోవాలని చూస్తోంది, ముందు జత దాన్ని అడ్డుకుంటోంది, ఆ పెనుగులాటలో నాలుగు టైర్లూ రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతున్నాయి.

ఒక్క యాక్సిల్ ట్రాలీకి ఈ బాధ ఇంతగా ఉండదు. దాని యాక్సిల్ కొంచెం వంకరగా కూర్చున్నా చక్రాలు తమ దారిన తాము దొర్లుతాయి, తొట్టె మాత్రం ట్రాక్టరుకు ఓరగా నడుస్తుంది. అందువల్ల ఒక్క యాక్సిల్ ట్రాలీల మీద చేయి తిరిగిన మెకానిక్‌కు అంచు అరుగుదల కనబడగానే వంగిన యాక్సిలే తోచడం సహజం.

మా ఊరు పర్లాకిమిడికి దగ్గర. కోతల కాలంలో మండీకి ధాన్యం, మిగతా రోజుల్లో రాయగడ వైపు జామాయిల్ దుంగలు మోసే రెండు యాక్సిళ్ల ట్రాలీ మాకు చాలా కాలంగా ఉంది. దానికి కూడా అచ్చం ఇలాంటి అరుగుదలే వచ్చింది. ట్రెడ్డు (టైరులో నేలను తాకే గాళ్ల భాగం) మీద అరచేయి అడ్డంగా జరిపితే ఒక దిక్కున నున్నగానూ, ఎదురు దిక్కున గరుకుగా గుచ్చుకుంటున్నట్టుగానూ తగిలేది. ఒకే యాక్సిల్ మీది రెండు టైర్లకూ గరుకు ఒకే దిక్కున ఉండటం అసలు గుర్తు. యాక్సిల్ కొనలు వంగి చక్రాలు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే ఆ గరుకు ఎడమ టైరుకు ఒక దిక్కున, కుడి టైరుకు దానికి ఎదురు దిక్కున ఉంటుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పంచర్ షాపుకు వెళ్లే ముందే చేసుకోవచ్చు.

అయితే రెండు యాక్సిళ్లలో ఏది వంకరగా కూర్చుందో టైర్లు చెప్పలేవు, ఎందుకంటే పెనుగులాటలో రెండు జతలూ అరుగుతాయి. అది టేపుతోనే తేలుతుంది. ట్రాలీని ఖాళీ చేసి, చదునైన నేల మీద కొంత దూరం తిన్నగా ముందుకు లాగి, వెనక్కి నెట్టకుండా అలాగే ఆపండి. వెనక్కి నెడితే టైర్లు పక్కలకు ఒత్తుకుని కొలత తప్పుతుంది. తరువాత ట్రాక్టరు హుక్కుకు తగిలించే రింగు మధ్య బిందువు నుంచి ముందు యాక్సిల్ ఎడమ హబ్బు (చక్రం నడిమి భాగం) మధ్యకు, అలాగే కుడి హబ్బు మధ్యకు ఇనుప టేపుతో కొలవండి. తొట్టె అడ్డొచ్చి టేపు తిన్నగా రాకపోతే తాపీ మేస్త్రీలు గోడ నిటారుతనం చూసుకునే గుండును వేలాడదీసి, ఆ బిందువులను నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య కొలవండి. ఆ రెండు కొలతలూ సమానమైతే ముందు యాక్సిల్ సరిగ్గా ఉన్నట్టు. ఇక ఎడమ పక్కన ముందు హబ్బు నుంచి వెనక హబ్బుకు, కుడి పక్కన కూడా అలాగే కొలవండి. ఈ రెండు పక్కల కొలతల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటకుండా మేము చూసుకుంటాము. మా ట్రాలీకి ఆ రోజు వెనక ఎడమ హబ్బు దాదాపు ముప్పావు అంగుళం వెనక్కి పోయి ఉంది.

కారణం కమాను కట్ట (లీఫ్ స్ప్రింగు) కింద దొరికింది. కమాను పట్టీలన్నిటినీ కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు తల, యాక్సిల్ మీది సీటు రంధ్రంలో దిగి ఉంటుంది. యాక్సిల్ ముందు వెనకలకు జరగకుండా నిలిపేది అదే. కమానునూ యాక్సిల్‌నూ కలిపి బిగించే యూ బోల్టులు వదులైనప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ, గుంతలో పడిన ప్రతిసారీ ఆ భారమంతా ఈ ఒక్క బోల్టు మీద పడి చివరికి అది తెగిపోతుంది. తెగిన తరువాత కూడా యూ బోల్టుల బిగింపుతో యాక్సిల్ అక్కడే ఉన్నట్టు కనబడుతుంది కనుక పైపైన చూసేవారికి తెలియదు. వంగి, టార్చి వేసి చూస్తే సీటు పక్కన తుప్పు లేని సన్నని మెరుపు గీత, యూ బోల్టు మొదట్లో ఎర్రని తుప్పు పొడి కనబడతాయి. మీ ట్రాలీలో కూడా ముందుగా ఆ చోటే చూడండి. అక్కడ ఏమీ లేకపోతే కమాను కొనల బుష్షులు (పిన్ను చుట్టూ ఉండే గొట్టపు ముక్కలు), రెండు కమాన్ల మధ్య ఊగే బ్యాలెన్స్ పట్టీ బుష్షు అరిగి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయేమో పరిశీలించండి.

సెంటర్ బోల్టు తెగినట్టు తేలితే ఆ బోల్టుతో పాటు యూ బోల్టులను కూడా కొత్తవి వేయించండి. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ బిగుతు నిలబెట్టుకోదు. యాక్సిల్ కదలకుండా సీటుకు వెల్డింగ్ పెట్టేస్తామని మా ప్రాంతంలో కొందరు చెబుతారు, దానికి మాత్రం ఒప్పుకోకండి. ఆ వేడికి యాక్సిల్ గొట్టం వంగుతుంది, దానితో ఇప్పుడు లేని అసలైన వంకర కొత్తగా వస్తుంది. బిగించిన తరువాత మొదటి లోడు దించగానే యూ బోల్టు నట్లను మళ్లీ ఒకసారి బిగించడం తప్పనిసరి, ఎందుకంటే పట్టీలు సర్దుకున్నాక అవి తప్పకుండా కొంత వదులవుతాయి.

చక్రాలు పైకి లేపినప్పుడే బేరింగులు కూడా చూసుకోండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలిసిపోతుంది. లూజు బేరింగు వల్ల టైరు ఒక అంచున కాకుండా చుట్టూ అక్కడక్కడ గుంటలుగా అరుగుతుంది. రెండు అంచులూ సమానంగా పోతే గాలి తక్కువ లేదా బరువు ఎక్కువ, నడిమి భాగం పోతే గాలి ఎక్కువ. మీ టైర్లలో ఇవేవీ లేవని మీ వర్ణనను బట్టి అనిపిస్తోంది. మండీ గచ్చు మీద ఇరుకుగా తిప్పడం వల్ల రెండు యాక్సిళ్ల ట్రాలీ టైర్లు ఎంతో కొంత అరుగుతాయి, అది ఎవరికీ తప్పదు. కాని ఆ అరుగుదల ఒకే అంచుకు పరిమితం కాదు.

కొలతలు ముగిసే వరకు టైర్లను అటూ ఇటూ మార్చవద్దు. మారిస్తే ఏ చోట ఏ అంచు పోయిందో చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది. ముందుగా ప్రతి టైరు మీద దాని స్థానం సుద్దతో రాసి ఫోటోలు తీసి పెట్టుకోండి. యాక్సిల్ సరిచేసిన తరువాత, మీ టైర్లకు తిరిగే దిశ బాణం గుర్తు లేకపోతే, ట్రెడ్డు గాళ్ల అడుగున ఉండే 1.6 మిల్లీమీటర్ల హెచ్చరిక దిమ్మెల కంటే ఇంకా పైన ఉంటే, వాటిని రిమ్ము మీద తిప్పి వేయించి అరగని అంచును కూడా వాడుకోవచ్చు. కొలతలన్నీ సమానంగా వస్తే మాత్రం మీ మెకానిక్ మాట నిజమై ఉండవచ్చు. అప్పుడు ఆ అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.