స్నోమొబైల్ వెనక స్ప్రింగులు: కొనే ముందు టేపు పట్టండి

సందేహం: ఈ చలికాలమే మినియాపొలిస్ వచ్చాం అన్నయ్యా. మంచు మీద నడిచే బండి, అదే ఇద్దరు కూర్చునే స్నోమొబైల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా ఆవిడ వెనక ఎక్కిందంటే చాలు, గతుకు గతుక్కీ కింద ధన్‌మని తగులుతోంది. స్ప్రింగులు మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: అప్పుడే డబ్బు తీయకు తమ్ముడూ. ముందు కొలత తీసుకుందాం. బండిని చదునైన చోట పెట్టి, ఇంకొకరి సాయంతో వెనక బంపర్ పట్టుకుని సస్పెన్షన్ పూర్తిగా సాగేదాకా పైకెత్తు. నేల నుంచి బంపర్ అంచుదాకా ఎంతుందో రాసుకో. తర్వాత మీరిద్దరూ ఎక్కండి. జాకెట్లు, బూట్లు, హెల్మెట్లు, మోసుకెళ్లే బ్యాగు, అన్నీ ఉండాలి. ఇంట్లో వేసుకునే బట్టలతో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒకసారి ఊగి కూర్చున్నాక మళ్లీ కొలిపించు. రెంటికీ తేడాయే కుంగు. స్కీ-డూ మాన్యువళ్లలో 50 నుంచి 75 మిల్లీమీటర్లు ఉంటే సరే అని రాసి ఉంటుంది. నీది వేరే కంపెనీదైతే దాని మాన్యువల్ మాటే వినాలి.

కుంగు ఎక్కువుంటే క్యామ్ తిప్పాలి. బండి కింద తిరిగే పట్టా (ట్రాక్) లోపల, స్ప్రింగు కాలు, అంటే దాని తీగ పొడుగాటి కొస, ఆనుకుని మెట్లు మెట్లుగా కనిపించే దిమ్మే అది. ఇంజిన్ ఆపి, పేరుకున్న మంచు దులిపి, బండితో వచ్చిన రెంచితో ఒక్కో మెట్టూ పెంచు. కింది మెట్టు నుంచి ఒకేసారి పై మెట్టుకి లాగితే క్యామ్ పాడవుతుంది. కుడి ఎడమలు రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి.

క్యామ్ బండిని పైకి లేపుతుందే తప్ప స్ప్రింగుని గట్టిపరచదు. ఆఖరి మెట్టులోనూ కుంగు తగ్గకపోతే అప్పుడు లావు తీగ స్ప్రింగులకి వెళ్లు. చాలా లావువి మాత్రం వద్దు. మిగతా కొలతలు అవే ఉంటే, తీగ 9.1 నుంచి 9.5 మిల్లీమీటర్లకి మారినా గట్టిదనం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. కుడిదీ ఎడమదీ చుట్టలు వేరు, జతగానే కొనాలి.

కుంగు సరిగ్గానే ఉండి, వేగంలో మాత్రమే తగులుతుంటే షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతోందేమో చూడు.

ఒక్కడివే వెళ్లే రోజు క్యామ్ దించు. లేకపోతే వెనక ఎత్తుగా నిలబడి, బరువు ముందుండే స్కీల (మంచు మీద జారే పలకల) మీద పడి, హ్యాండిల్ తిప్పేసరికి భుజాలు లాగేస్తాయి.

అడగలేదు గానీ చెబుతున్నా: మీరున్న మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడ్డవాళ్లు 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లయితే స్నోమొబైల్ నడపడానికి సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. మీ ఆవిడ కూడా నడపాలనుకుంటే ఇద్దరూ తీసుకోండి.