బాబుకి విప్లవ్ అని పేరు పెట్టొచ్చా? అసలు అర్థం ఏంటి?

బాబుకి విప్లవ్ అని పెడదామనుకుంటున్నాం, అత్తగారేమో ఆ మాటకి నాశనం అని అర్థం, అశుభం అంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు కదా. నా పేరే విప్లవ్ అండి. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఇదే పేరుతో ఉన్నా కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ముందు ఒక మాట, మీ అత్తగారు చెప్పింది తప్పేం కాదు. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులోనే "డింబే డమరవిప్లవౌ" అని ఉంది, అంటే అల్లర్లు, కల్లోలం అనే అర్థంలోనే వాడారు. కానీ ఆ మాట ఎక్కడినుంచి పుట్టిందో చూస్తే వేరే బొమ్మ కనిపిస్తుంది. దీని ధాతువు ప్లు. నీళ్ళమీద తేలడం, ఈదడం, ఎగిరి దూకడం అని అర్థాలు. ప్లవం అంటే తెప్ప. 2021 ఉగాదికి వచ్చింది ప్లవ నామ సంవత్సరమే కదా, అప్పుడు ఎవరూ అశుభం అనలేదు, పంచాంగం చదివిన పంతుళ్ళు దాటించే పడవ అనే చెప్పారు. 2027లో వచ్చేది ప్లవంగ, అంటే కోతి, దూకుతూ పోయేది. బళ్ళో హ్రస్వం, దీర్ఘం, ప్లుతం అని చదువుకున్నాం చూడండి, ఆ ప్లుతం కూడా వీళ్ళ చుట్టమే. ఇంగ్లీషులో ఫ్లో, ఫ్లోట్ అనే మాటలది కూడా ఇదే పాత మూలం. దీనికి ముందు "వి" చేరేసరికి కుదురుగా ఉన్నది చెదిరి నీళ్ళలో కొట్టుకుపోవడం అనే భావం వచ్చింది, అక్కడినుంచి కల్లోలం, తిరుగుబాటు, ఆ తర్వాత మనం ఇప్పుడు అనుకునే విప్లవం. యోగసూత్రాల్లో చెదరని వివేకాన్ని "అవిప్లవా" అన్నారు, అది కూడా ఈ మాటకి వ్యతిరేకమే.

రాజ్యం మారిపోయేంత పెద్ద మార్పుకి హిందీవాళ్ళు, మరాఠీవాళ్ళు ఎక్కువగా క్రాంతి అంటారు, మనమూ బెంగాలీలూ మాత్రం విప్లవం దగ్గరే ఆగాం. అందుకే బెంగాల్లో బిప్లబ్ చాలా మామూలు పేరు, మా ఆఫీసులో కలకత్తా అతను నా పేరు విని "మా బాబాయి పేరే" అన్నాడు, అంతే, ఇంకేం అడగలేదు. మనదగ్గర మాత్రం తెలంగాణ సాయుధ పోరాటం, శ్రీకాకుళం గిరిజన పోరాటం, 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టడం, ఇవన్నీ ఈ మాటకి అంటుకుని ఉన్నాయి, ఆ అభిమానం ఉన్న ఇళ్ళల్లో పిల్లలకి విప్లవ్, క్రాంతి, అరుణ, లెనిన్ అని పెట్టుకున్నారు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. పేరు పెట్టింది మా తాత. సాయుధ పోరాటం నాటి సంఘంలో పనిచేసిన మనిషి. నా బారసాలకి పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాస్తుంటే మా నాన్నకి "ప్ల" కింద ల వత్తు కుదరలేదట, బియ్యం జారిపోయి వత్తు పూడిపోతోందట, పక్కనున్నవాళ్ళు ఇంత కష్టమైన పేరెందుకు, రాము అనో రవి అనో పెట్టుకోరాదా అన్నారట. అప్పుడు తాత అన్నమాట మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. "మా నాయిన పేరు వీరయ్య. దొర నోట్లె ఎన్నడూ వీరయ్య అని రాలె, వీరిగా అనే పిలిచిండు. వీని పేరు ఎవ్వడూ కురుచ చేస్తందుకు రావద్దు." తర్వాత ఉంగరం తనే తీసుకుని, బియ్యం సర్ది, వత్తు లోతుగా రాశాడట. ఆయన వెట్టి చూసిన మనిషి కాబట్టి ఆ పేరులో ఆయనకి రక్తపాతం కనపడలేదు, ఒక మనిషిని నిండు పేరుతో పిలవడం కనపడింది. నాకు ఈ పేరు మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం అదే.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఇంటర్లో ఉన్నప్పుడు ఒకసారి రాత్రి పోలీసులు బస్సు ఆపి తనిఖీ చేస్తూ నా ఐడీ కార్డు రెండుసార్లు తిప్పి చూసి, ఈ పేరు ఎవరు పెట్టారు, మీ నాన్న ఏం చేస్తాడు అని కిందకి దింపి అడిగారు. పది నిమిషాలే, కానీ చేతులు వణికాయి. ఇప్పుడు ఆ రోజులు లేవు, ఈ మధ్య ఎవరూ అలా అడగలేదు.

ఇక మీ సంగతి. నక్షత్రం చూసేవాళ్ళయితే "వీ" రోహిణి మూడో పాదానికి వస్తుంది, అది కుదిరితే అత్తగారు కొంచెం మెత్తబడొచ్చు. తెప్ప సంగతి కూడా ఆవిడకి నెమ్మదిగా చెప్పండి, వాదనకి దిగొద్దు. ఇంగ్లీషు స్పెల్లింగులో చివర "a" అక్షరం మాత్రం పెట్టకండి, నాకు టెన్త్ మెమోలో అలా పడి బయట అందరూ విప్లవా అని పిలిచేవాళ్ళు, మార్పించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకా తేల్చుకోలేకపోతే తొందరేం లేదు, బర్త్ సర్టిఫికెట్ పేరు లేకుండా తీసుకుని ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు.