జావాలో డేట్ నుంచి మిల్లీసెకన్లు ఎలా తీయాలి?

డేట్ ఆబ్జెక్ట్ మీద గెట్‌టైమ్ కాల్ చేయండి, 1970 జనవరి 1 యూటీసీ నుంచి గడిచిన మిల్లీసెకన్లు లాంగ్‌లో (పెద్ద పూర్ణసంఖ్యగా) వస్తాయి. సెకను తర్వాతి మూడంకెలే కావాలంటే దాన్ని 1000తో భాగించి శేషం తీసుకోండి (1970కి ముందు తేదీలకు మైనస్ వస్తుంది, మైనస్ రాకుండా శేషం ఇచ్చే మ్యాథ్ క్లాసులోని ఫ్లోర్‌మాడ్ వాడండి). మీరడిగిన దానికి జవాబు ఇంతే.

కానీ మిల్లీసెకన్లు తీయడంలో ఎవరూ దెబ్బతినరు, స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల్లో ఉన్న తేదీని, డేట్‌గా మార్చేటప్పుడే దెబ్బతింటారు. నేనూ తిన్నాను. పేమెంట్ల ప్రాజెక్టులో నైట్ సపోర్ట్ చేస్తున్న రోజుల్లో ఒక రాత్రి రిఫండ్లు పేమెంట్ల కంటే ముందే జరిగినట్టు రిపోర్ట్ వచ్చింది. డబ్బు కట్టకముందే వెనక్కిచ్చేశామన్నమాట! సర్వర్ గడియారం తప్పిందని మేనేజర్ తేల్చేశాడు, మూడుసార్లు రీస్టార్ట్ చేయించాడు. రెండు గంటలప్పుడు మా జూనియర్ కుర్రాడు, "అన్నా, గడియారం తప్పయితే అన్నీ ఒకేలా తప్పాలి కదా, ఇవి ఒక్కోటి ఒక్కోలా తప్పుతున్నాయేంటి?" అన్నాడు.

అప్పుడు లాగ్ తెరిచి చూశాం. అవతలి సిస్టమ్ చెప్పాపెట్టకుండా మైక్రోసెకన్లు పంపడం మొదలుపెట్టింది. ఒక పేమెంట్ టైము 10:20:05.850000 అని వస్తోంది. మా కోడ్‌లో స్ట్రింగ్‌ని డేట్‌గా మార్చే పాత క్లాసు సింపుల్‌డేట్‌ఫార్మాట్, దాని ప్యాటర్న్ చివర మిల్లీసెకన్ల కోసం మూడు పెద్ద ఎస్‌లు. అది చుక్క తర్వాతి దాన్ని దశాంశంగా చూడదు, మొత్తం అంకెనీ మిల్లీసెకన్లు అనుకుంటుంది. 850000 మిల్లీసెకన్లంటే 14 నిమిషాల 10 సెకన్లు, అదంతా టైముకి కలిపేసి 10:34:15 చేసేసింది. 10:21:00.010000కి ఇచ్చిన రిఫండ్‌కి మాత్రం పది సెకన్లే కలిసింది, అంటే 10:21:10, పేమెంట్ కంటే ముందు. ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు! సెట్‌లీనియంట్ ఫాల్స్ (హద్దు దాటిన అంకెల్ని ఒప్పుకోవద్దనే సెట్టింగ్) పెట్టి ఉంటే అక్కడే ఆగిపోయేది, కానీ అది పెట్టేవాళ్లని నేనింతవరకు చూడలేదు.

జావా 8 వచ్చింది 2014లో. దాంతో వచ్చిన కొత్త క్లాసు డేట్‌టైమ్‌ఫార్మాటర్‌లో ఎస్ అంటే సెకనులో భాగమే, ఈ గోలే ఉండదు, ఇన్‌స్టంట్ (ఒక క్షణాన్ని చూపే కొత్త క్లాసు) నుంచి టుఎపోక్‌మిల్లీ అంటే చాలు. అయినా ఇప్పటికీ అందరూ ఆ పాత క్లాసునే కాపీ కొడతారు, పైగా స్టాటిక్‌గా పెట్టి అన్ని థ్రెడ్‌లకీ పంచుతారు, అది థ్రెడ్ సేఫ్ కాదని, అంటే ఒకేసారి చాలా థ్రెడ్‌లు వాడితే తప్పులిస్తుందని తెలియక. ఇంటర్వ్యూల్లో మాత్రం హ్యాష్‌మ్యాప్ లోపల ఏముందో అడుగుతారు, ఇది ఒక్కరూ అడగరు.

మీ డేట్ ఎక్కడి నుంచి వస్తోంది? స్ట్రింగ్ అయితే చుక్క తర్వాత ఎన్ని అంకెలున్నాయో చూసి ఇక్కడ పెట్టండి.