ఆ స్నానం వైద్యమా, సేవా?

ప్రశ్న: మేడమ్, మా అత్తగారికి 79 ఏళ్లు. నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లోనే ఉంటున్నారు, పాస్‌పోర్టూ ఇక్కడిదే. మెట్ల మీంచి జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక పదో రోజుకే ఇంటికి పంపించేశారు. రోజూ పొద్దున ఒకమ్మాయి వచ్చి స్నానం చేయించి, బట్టలు మార్చి వెళ్తోంది. ఆరు వారాలు దాటితే డబ్బు కట్టాలని కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) వాళ్లు ఫోన్ చేశారు. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, అంతా ఉచితం కదా? ఆవిడ పేర 31,000 పౌండ్లూ, మేమంతా ఉంటున్న ఇల్లూ ఉన్నాయి. ఇల్లు అమ్ముకోవాలా? నేను ఉద్యోగం మానేయడమే మేలనిపిస్తోంది. పైగా స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఇదంతా ఉచితమని మా స్నేహితురాలు అంటోంది, నిజమేనా?
— ఒక కోడలు

జవాబు: ముందు ఆ రాజీనామా ఆలోచన పక్కన పెట్టండమ్మా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

చిక్కంతా ఆ స్నానం దగ్గరే ఉంది. నేను ఇంగ్లండ్‌లో ఆసుపత్రి సోషల్ వర్కర్‌గా చేరిన కొత్తలో ఒక పెద్దాయన స్నానం గురించి మా ఆఫీసూ, ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే డిస్ట్రిక్ట్ నర్సూ మూడు వారాలు ఉత్తరాలు రాసుకున్నాం. ఒంటి మీద పుండుంటే అది వైద్యం, నర్సు చేయిస్తుంది, పైసా అక్కర్లేదు. ఉన్నది మురికే అయితే ‘సోషల్ బాత్’, మా పద్దులోకి వస్తుంది, డబ్బు ఆయన జేబులోంచి పోతుంది. పాపం, ఆ మూడు వారాలూ ఆయన తడిగుడ్డతోనే గడిపాడు.

వైద్యానికీ, సేవకూ మధ్య ఆ గీత 1948 నాటిది. ఆ ఏడాదే ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా మొదలైంది. ఆ ఏడాదే వచ్చిన నేషనల్ అసిస్టెన్స్ చట్టం వృద్ధుల వసతిని కౌన్సిళ్లకు అప్పగించి, స్తోమతను బట్టి వసూలు చేయమంది. 1980లకొచ్చేసరికి ఇంకో తమాషా. కేర్‌హోమ్‌లో (వృద్ధులను చూసుకునే హోమ్‌లో) చేరితే సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ సంక్షేమ పద్దు, ఖర్చు భరించేది, ఇంట్లో ఉండి సాయం కావాలంటే అంత సులువుగా దొరికేది కాదు. ఇంట్లో నెట్టుకురాగలిగిన వాళ్లు కూడా హోముల్లో చేరిపోయారు. 1979లో కోటి పౌండ్లున్న ఆ బిల్లు పదేళ్లలో వంద కోట్లకు చేరింది. సెయిన్స్‌బరీ దుకాణాలు నడిపిన రాయ్ గ్రిఫిత్స్‌ను పిలిచి దారి చూపమన్నారు. 1988లో ఆయన నివేదిక ఇచ్చాడు, 1990లో ఎన్‌హెచ్‌ఎస్ అండ్ కమ్యూనిటీ కేర్ చట్టం వచ్చింది, 1993 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా అమలైంది. అప్పట్నుంచి ‘ఈ మనిషికి ఏం కావాలి’ అని చూసే పనీ, అందుకయ్యే డబ్బూ కౌన్సిల్ చేతికొచ్చాయి. మనిషిని సొంతింట్లో ఉంచాలనుకోవడం మంచి ఆలోచనే, నేను దాన్ని నమ్మే పనిచేశాను. కాకపోతే ఆసుపత్రి మంచం మీద ఉచితంగా జరిగిన పనికే ఇంటి గడప తొక్కాక రేటు పడుతుంది.

ఇప్పుడు మీకు వర్తించేది 2014 కేర్ చట్టం. మళ్లీ తన కాళ్ల మీద తాను నిలబడేందుకు ఇచ్చే ఈ సాయం ఆరు వారాల దాకా ఉచితం. తర్వాత లెక్కలు చూస్తారు. పొదుపు 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా ఆవిడదే. 2010 నుంచి ఏళ్ల తరబడి కదలని అంకె అది! అంతకు దిగితే కౌన్సిల్ కొంత భరిస్తుంది, 14,250 కంటే తక్కువున్న పొదుపును అసలు ముట్టుకోదు. ఆవిడ ఆ ఇంట్లో ఉండి సేవ పొందుతున్నంత కాలం ఇంటి విలువ లెక్కలోకి రాదు. కాబట్టి అమ్మే ప్రసక్తే లేదు. ‘ఇల్లు కొడుకు పేర రాయించేయండి’ అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి పెళ్లి భోజనంలోనూ తగులుతారు. ఖర్చు తప్పించుకోవడానికే రాశారని కౌన్సిల్‌కు తోస్తే, రేపు హోమ్‌లో చేరాల్సి వచ్చినా ఆ ఇల్లు ఇంకా ఆవిడదే అన్నట్టు లెక్క కడతారు.

ఇక అసలు మాట. పొదుపు ఎంతున్నా సరే, ఆవిడ అవసరాల అంచనా ఉచితంగా వేయడం కౌన్సిల్ బాధ్యత. ఆసుపత్రిలోనే ఎందుకు వేయలేదంటే, డిశ్చార్జికి ముందే అది జరగాలన్న నియమాన్ని 2022లో ఎత్తేశారు. ఇప్పుడు ముందు ఇంటికి పంపి, తర్వాత చూస్తున్నారు. ఆ తర్వాత ఎప్పుడన్నది మీరు వెంటపడితేనే తేలుతుంది. ఫోన్‌తో సరిపెట్టకుండా రాతపూర్వకంగా అడగండి.

అంచనాకు వచ్చిన రోజున మన అత్తగార్లు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. ఇస్త్రీ చీర కట్టి, టీ ఇప్పించి, ‘అన్నీ నేనే చేసుకుంటానమ్మా’ అంటారు. వచ్చినామె అదే రాసుకుని వెళ్తుంది. నేనూ అలా రాసిన రోజులున్నాయి. నియమాల ప్రకారం నొప్పితోనో, మామూలు కంటే చాలా ఎక్కువసేపు పట్టో చేసుకునే పని కూడా ‘చేసుకోలేని’ పని కిందే లెక్క. అర్హత తేల్చేటప్పుడు మీరు చేసే సాయాన్ని పక్కన పెట్టి చూడాలి. స్నానానికి నలభై నిమిషాలు పడుతోందని, రాత్రి బాత్రూమ్‌కు మీరే లేపి తీసుకెళ్తున్నారని ఆవిడ ఎదుటే చెప్పండి. కాస్త కోపగించుకున్నా ఫర్వాలేదు.

మీకూ విడిగా అంచనా వేయమనండి. చూసుకునేవాళ్లకు కూడా కేర్ చట్టం హక్కిచ్చింది. ఉద్యోగం చేయాలనుకోవడాన్ని అందులో పరిగణించాలి. ‘ఎంతవరకు చేయగలను, ఎంతవరకు చేయాలనుకుంటున్నాను’ అనే రెంటికీ మీరు నిజం చెప్పాలి. ఆవిడకు ఈ సాయం ఆరు నెలలు అవసరమైతే అటెండెన్స్ అలవెన్స్ అనే ప్రభుత్వ భత్యానికి అప్లై చేయండి. దానికి పొదుపుతో సంబంధం లేదు. జబ్బు ముదిరి అవసరాలు ప్రధానంగా వైద్యానివే అయితే ఎన్‌హెచ్‌ఎస్ మొత్తం భరించే కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ ఉంది. తుంటి విరిగినంత మాత్రాన అది దక్కడం కష్టం.

ఎడిన్‌బరో సంగతి నిజమే. స్కాట్లాండ్‌లో 2002 నుంచి 65 దాటినవాళ్లకు, 2019 నుంచి అవసరమున్న పెద్దలందరికీ స్నానం, బట్టలు మార్చడం లాంటి ఒంటి పనులు ఉచితం. ఇల్లు ఊడవడానికి మాత్రం అక్కడా డబ్బు అడగొచ్చు.