46 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చంద్రుడి మీద దిగడం

ప్రయోగశాల గానీ కంప్యూటర్లు గానీ లేని ప్రభుత్వ పాఠశాలలో అంతరిక్ష పరిశోధన ఆధారంగా సాంకేతికత నేర్పడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. సాధ్యమే. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు ఆవరణలో నిలబడితే కనిపించేంత దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతున్నాను. తొమ్మిదో తరగతితో ఏటా చేయిస్తున్న ఒకే ఒక్క పని గురించి వివరంగా రాస్తాను.

ఆ పని ల్యాండరు, అంటే చంద్రుడి లాంటి చోట మెల్లగా దిగే వాహనం, నమూనా తయారు చేయడం. మూత లేని కాగితపు టీ కప్పులో వ్యోమగాములకు బదులుగా రెండు గోళీలు వేస్తాం. పాత శుభలేఖలు, కాగితపు స్ట్రాలు, రబ్బరు బ్యాండ్లు, కొంచెం టేపు, వీటితోనే కప్పుకు కాళ్లు అమర్చి, పైనుంచి వదిలినప్పుడు గోళీలు బయటికి ఎగిరిపడకుండా, కప్పు పక్కకు ఒరగకుండా నేల మీద దింపాలి. నాసా వారు కూడా పాఠశాలల కోసం ఇలాంటి అభ్యాసాన్నే రూపొందించారు.

మొదటి ఏడాది నేను దీన్ని మేడ మీద నుంచి గుడ్డు పగలకుండా వదిలే పోటీగా పెట్టాను. అన్ని జట్లూ గుడ్డుకు దూది, స్పాంజి దట్టంగా చుట్టుకొని వచ్చాయి. చాలా గుడ్లు పగలలేదు, అందరం చప్పట్లు కొట్టాం, కానీ ఎందుకు పగలలేదో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఎంత సామానైనా వాడుకోవచ్చన్నప్పుడు ఆలోచించవలసిన అవసరమే పిల్లలకు కలగలేదు. ఆ అవసరం కల్పించవలసింది నేను.

అంతరిక్షం అక్కరకు వచ్చేది సరిగ్గా ఇక్కడే. మొత్తం బరువు 40 గ్రాములు దాటకూడదని ఊరికే అంటే అది టీచరు పెట్టిన ఆంక్షగా మిగిలిపోతుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన రాకెట్టుకు కూడా మోయగల బరువులో ఒక హద్దు ఉందని, ఆ రోజు దాన్ని తమ కళ్లతో చూసిన పిల్లలకు చెబితే, ఆ నిబంధనను వాళ్లే పక్క జట్టు మీద అమలు చేస్తారు. ఎత్తు విషయమూ అంతే. విక్రమ్ ల్యాండరు కాళ్లు సెకనుకు 2 మీటర్ల వేగానికి బదులు 3 మీటర్ల వేగంతో దిగినా తట్టుకునేలా చంద్రయాన్-3లో బలపరిచారు. ఇక్కడ మన భూమి మీద ఆ 3 మీటర్ల వేగం రావాలంటే ఎంత ఎత్తు నుంచి వదలాలో తొమ్మిదో తరగతి సూత్రంతోనే లెక్క కట్టవచ్చు: సుమారు 46 సెంటీమీటర్లు. పిల్లలు లెక్క చేసి, గోడ మీద చాక్‌పీసుతో గీత గీస్తారు. పాఠ్యపుస్తకంలోని ఆ సూత్రం ఎందుకని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఒకసారి ఒక అబ్బాయి పాలిథీన్ కవరుతో చక్కటి పారాచూట్ కట్టుకొని వచ్చాడు. నేను నోరు తెరవకముందే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "చంద్రుడి మీద గాలి లేదు కదా సార్, అది ఎలా విచ్చుకుంటుంది?" అని అడిగింది. ఆ రోజు నేను చెప్పదలచిన పాఠంలో సగం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

అదే అమ్మాయి జట్టు శుభలేఖలను నాలుగు పొరలుగా అంటించి బల్లకోళ్లంత గట్టి కాళ్లు పెట్టింది. వదలగానే కప్పు ఎగిరి బోర్లాపడి, గోళీలు బీరువా కిందికి దొర్లాయి. కాళ్లు ఇంకా గట్టిగా ఉండాలన్నారు ఇద్దరు. గట్టిగా ఉండబట్టే ఎగిరిందని ఆమె వాదించింది. శుభలేఖను విసనకర్రలా మడతలు పెట్టి అదిమి కాళ్లకు అమరిస్తే దిగే ఊపును ఆ మడతలు తీసుకున్నాయి, కప్పు ఎగరడం తగ్గింది, కానీ ఒరగడం ఆగలేదు. కాళ్లను ఇంకొంచెం ఎడంగా పెట్టాక మూడో ప్రయత్నంలో గోళీలు కప్పులోనే ఉండిపోయాయి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయాలని, చేసే ముందే దానికి కారణం నోటుపుస్తకంలో రాయాలని నేను పట్టుబడతాను. మార్కులు కూడా ఆ పుస్తకానికే వేస్తాను, నిలబడిన ల్యాండరుకు కాదు.

వాళ్ల ల్యాండర్లు ఒకటి రెండుసార్లు కూలాకే 2019 సెప్టెంబరు 7 సంగతి చెబుతాను. ఆ తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండరుతో సంబంధాలు తెగిపోయాయి. ఇస్రో శాస్త్రవేత్తలు లోపాలను వెతికి, నడిమి ఇంజన్ తీసేసి, ఇంధనం పెంచి, దిగవలసిన స్థలాన్ని 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించి, 2023 ఆగస్టు 23న సురక్షితంగా దింపారు. అప్పుడే తమ కప్పును తిరగగట్టిన పిల్లలు ఇది వినే తీరు వేరుగా ఉంటుంది.

దీనికి కనీసం నాలుగు పీరియడ్లు కేటాయించండి, అందులో రెండు తిరిగి చేయడానికే ఉంచండి. సిలబసు తొందరలో మనం ముందుగా కోసేది ఆ రెండింటినే, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మీ బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేతులతో చేసి నేర్చుకునేందుకు కేంద్రం బడుల్లో పెట్టించే ప్రయోగశాల) ఉంటే సెన్సార్లు తర్వాత చేర్చుకోవచ్చు, మొదట మాత్రం కప్పు, గోళీలు చాలు.

పారాచూట్ తెచ్చిన అబ్బాయిని దాన్ని దాచుకోమన్నాను. మరుసటి నెల అంగారకుడి మీద దిగడం పెట్టుకున్నాం. అక్కడ పలుచగానైనా వాతావరణం ఉంది; 2021లో నాసా పంపిన చక్రాల వాహనం, పర్సెవరెన్స్ రోవర్, 21.5 మీటర్ల వ్యాసం గల పారాచూట్‌తో వేగం తగ్గించుకొని, అది చాలక చివర్లో రాకెట్ల సాయంతో దిగింది. ఆ అబ్బాయి తన కవరును మడత విప్పి, ఈసారి ఎంత పెద్దది కావాలో కొలతలు వేయడం మొదలుపెట్టాడు.