పిస్టల్ మ్యాగజైన్ జారిపడకపోతే ముందు చూడాల్సినవి

విజయవాడ,
ఆదివారం

చిరంజీవి మేనకోడలికి,

నీ మెసేజ్ చదివాను. బటన్ నొక్కినా నీ పిస్టల్ మ్యాగజైన్ (తూటాలు, అదే రౌండ్లు, నింపే డబ్బా) తనంతట తాను రావడం లేదని, గోరు పెట్టి లాగాల్సి వస్తోందని రాశావు. లోపల ఆకురాయితో రెండు పట్లు పడితే చాలని ఎవరో అన్నారట. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. అరిగిపోయిన ఇనుము తిరిగి రాదు. ఎక్కడ తగులుతోందో కంటితో చూశాకే చెయ్యి పెట్టాలి.

ముందు ఒక సంగతి తేల్చుకో. నీ పాయింట్ టూ టూ పిస్టల్‌లో మ్యాగజైన్ మొదటినుంచీ జారిపడేదా? గ్రిప్పు (పిడి) అడుగున, మ్యాగజైన్‌ని పట్టి ఉంచే క్యాచ్ ఉండే పాతరకం పిస్టళ్లలో మ్యాగజైన్ చేత్తో లాగితేనే వస్తుంది. వాటిని అలాగే చేశారు, అది లోపం కాదు. మీ 25 మీటర్ల పోటీలో సిరీస్‌కి (ఒక విడతకి) ఐదే రౌండ్లు, మ్యాగజైన్ చేత్తో తీసుకున్నా నీకు పోయే పాయింటు లేదు. నిన్నటిదాకా జారిపడింది ఇవాళ ఇరుక్కుంటోందంటే మాత్రం లోపల ఏదో మారింది. వెతకాల్సింది ఆ మార్పునే.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తియ్యి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబర్ (పేలే రౌండు కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడు, వేలితోనూ తడిమి చూడు. నిజం రౌండ్లు నువ్వు పనిచేసే గదిలోనే ఉండకూడదు, ఇంకో గదిలో తాళం వేసిపెట్టు. పరీక్షకు డమ్మీ (మందు లేని ఉత్తుత్తి) రౌండ్లే వాడు. కింద బొంత నాలుగు మడతలు వేసి పరుచు. మ్యాగజైన్ సిమెంటు నేలమీద పడితే పైన లిప్స్ (రౌండుని పట్టి ఉంచే అంచులు) వంగుతాయి, పక్కన సొట్ట పడుతుంది. అప్పుడు ఉన్న తిప్పలకు కొత్తవి తోడవుతాయి.

నీ మూడు మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని మార్కర్‌తో రాయి. పిస్టల్ నిటారుగా పట్టుకుని ఒక్కోదాన్నీ నాలుగు రకాలుగా చూడు: ఖాళీది స్లైడ్ మూసి, ఖాళీది స్లైడ్ వెనక నిలిపి, డమ్మీలతో నింపి స్లైడ్ మూసి, డమ్మీలతో స్లైడ్ వెనక నిలిపి. ఒక్కో రకం పదిసార్లు. కాగితం మీద రాసుకో, గుర్తుంటుందిలే అనుకోకు. ఒక్క నంబరే ఇరుక్కుంటే తప్పు ఆ మ్యాగజైన్‌ది. మూడూ ఒకేలా ఇరుక్కుంటే తప్పు పిస్టల్‌లో ఉంది. సగం పని ఇక్కడే అయిపోతుంది. ఈ అడుగు దాటేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టేవాళ్లే ఎక్కువ.

నాలుగు రకాలు ఎందుకంటే, నిండు మ్యాగజైన్ మీద స్లైడ్ మూసి ఉన్నప్పుడు మ్యాగజైన్ లోపలి స్ప్రింగ్ తోపుకి పై రౌండు స్లైడ్ అడుగుకు ఒత్తుకుంటుంది. క్యాచ్ వదలగానే ఆ స్ప్రింగ్ బలమే మ్యాగజైన్‌ని కిందికి తోస్తుంది. నింపి, స్లైడ్ వెనక నిలిపితే ఆ తోపు ఉండదు, బరువుతోనే జారాలి. పాయింట్ టూ టూ మ్యాగజైన్ అసలే తేలిక, కొద్దిపాటి రాపిడి చాలు ఆగిపోవడానికి. ఖాళీది స్లైడ్ వెనక నిలిచినప్పుడు మాత్రమే ఇరుక్కుంటోందా? అయితే ఫాలోయర్ (రౌండ్లని పైకి తోసే పలక) పక్కనున్న చిన్న మెట్టు అరిగి, స్లైడ్ స్టాప్‌ని (స్లైడ్‌ని వెనక నిలిపే మీటని) దాటి పైకెక్కుతోందేమో చూడు. అలా ఎక్కితే ఎంత లాగినా రాదు. బలవంతం చెయ్యకుండా స్లైడ్ కొంచెం వెనక్కి లాగి, స్లైడ్ స్టాప్ కిందికి నొక్కి విడిపించు. అక్కడ కావాల్సింది కొత్త ఫాలోయర్.

తర్వాత, ఇరుక్కునే మ్యాగజైన్ విప్పు. అడుగు ప్లేటు జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టు, స్ప్రింగ్ కంట్లోకి ఎగురుతుంది. స్ప్రింగ్ ఏ మొన ముందుకి, ఏ మొన పైకి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకో, తిరగేసి పెడితే ఫాలోయర్ వంకరగా లేస్తుంది. ఇప్పుడు ఉత్త డొల్లని, స్ప్రింగూ ఫాలోయరూ ప్లేటూ లేకుండా, పిస్టల్‌లో పెట్టి క్యాచ్ పడేదాకా మెల్లగా తోసి, బటన్ నొక్కు. గలగలా జారిందా, గోడలు బాగున్నట్టే. తప్పు ఫాలోయర్‌లోనో అడుగు ప్లేటు అంచులోనో ఉంది. డొల్ల కూడా ఆగిందా, తగులుడు గోడల దగ్గరే.

ఎక్కడ తగులుతోందో చెప్పేది సిరా. పర్మనెంట్ మార్కర్‌తో డొల్ల నాలుగు పక్కలా నల్లగా పూసి ఆరనివ్వు. పదిసార్లు లోపలికి, బయటికి ఆడించి వెలుతుర్లో చూడు. సిరా చెరిగి ఇనుము మెరిసే చోటే తగులుతోంది. లిప్స్ కింద మెరిస్తే లిప్స్ విచ్చుకున్నాయి. నడిమధ్య మెరిస్తే గోడ ఉబ్బింది. ఒకే పక్క సన్నని గీతలా పడితే పిస్టల్‌లోంచి ఏదో మొన పొడుచుకొస్తోంది. మందం కొలిచే వెర్నియర్ ఉంటే బాగున్న మ్యాగజైన్‌నీ దీన్నీ మూడు చోట్ల కొలిచి పోల్చు: లిప్స్ కింద, మధ్యలో, అడుగు ప్లేటు పైన. 0.1 మి.మీ. తేడా కనబడినా అనుమానించాలి. ఖాళీగా ఉన్నప్పుడు జారి, డమ్మీలు నింపితే ఆగేది కూడా ఉబ్బే గోడే. తొలినాళ్ల గ్లాక్ పిస్టళ్ల మ్యాగజైన్లకు నాలుగు పక్కలా లోహపు పొర ఉండేది కాదు. రౌండ్లు నింపితే ప్లాస్టిక్ గోడలు ఉబ్బి జారేవి కావు. తర్వాత పూర్తి పొర పెట్టారు.

అయినా నా అనుమానం మురికి మీద. పాయింట్ టూ టూ బుల్లెట్‌కి మైనం పూత ఉంటుంది. మన ఎండలకు అది మెత్తబడి, కాలని మందు పొడితో, సీసం రజనుతో కలిసి జిగురవుతుంది. డొల్ల లోపలా బయటా, పిస్టల్ గూడులోనూ (మ్యాగజైన్ దూరే చోట) పేరుకుంటుంది. గన్ సాల్వెంట్, పాత టూత్‌బ్రష్, నూలుగుడ్డ చాలు. ప్లాస్టిక్ ఫాలోయర్‌కి థిన్నర్ తగలనివ్వకు. డొల్ల లోపల నూనె వెయ్యకు, పొడిగానే ఉండాలి. నూనె దుమ్ముని పట్టి పిండి చేస్తుంది. బయటివైపు నూనె గుడ్డతో ఒక్క తుడుపు. కుట్టుమిషన్ నూనె పర్లేదు, కొబ్బరినూనె వద్దు. అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, మన డిసెంబరు రాత్రులు చాలు దానికి. మ్యాగజైన్లు తోలు పౌచ్‌లో దాచకు, తోలు చెమ్మ పీల్చి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది.

మూడూ ఇరుక్కుంటే పిస్టల్ వైపు చూడు. బటన్ పూర్తిగా నొక్కి, కింది నుంచి టార్చి వేసి గూడులోకి చూడు. క్యాచ్ మొన గూడు గోడలోకి పూర్తిగా వెళ్లిపోవాలి. ఇంకా పొడుచుకుని ఉంటే బటన్ కింద మురికి చేరింది, లేదా నీ వేలు చివరిదాకా నొక్కడం లేదు. రెండోది చిన్న చేతులకు మామూలే, పట్టు కొంచెం తిప్పి నొక్కి చూడు. తర్వాత గ్రిప్పులు విప్పి పరీక్షించు. గ్రిప్పులు లేకుండా జారితే స్క్రూ పొడవైపోయి గూడులోకి మొన వస్తోందన్నమాట. 1911 అనే మోడల్ తరహా పిస్టళ్లలో గ్రిప్పులు మార్చాక ఇది తరచూ వస్తుంది. బ్రౌనింగ్ హై పవర్ పిస్టల్‌లో అయితే మ్యాగజైన్ సేఫ్టీ (మ్యాగజైన్ లేకపోతే పేలనివ్వని ఏర్పాటు) మొన మ్యాగజైన్ ముందుగోడకి ఒత్తుకుంటుంది, ఆ రాపిడికే ఆగుతుంది. కొన్ని మ్యాగజైన్లకు దాన్ని బయటికి తన్నే స్ప్రింగ్ అడుగున పెట్టింది అందుకే.

బావగారి పాయింట్ త్రీ టూ పిస్టల్ సంగతి కూడా అడిగావు. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు ఆయుధాలు పోలీసు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటుంటారు కదా. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, ఎండాకాలమంతా అలా గడిచిపోయింది. అన్నాళ్లు కదలకుండా ఉంటే పాత నూనె ఆరి బంకవుతుంది. శుభ్రం చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అది ఆయన లైసెన్సు మీదిది, ఆయన చేత్తోనే విప్పమను.

ఇక చెయ్యకూడనివి. కటింగ్ ప్లేయర్‌తో లిప్స్ వంచకు. జారడం కోసం వంచితే రౌండు ఛాంబర్‌లోకి ఎక్కడం చెడుతుంది. ఉబ్బిన డొల్లని బిగింపు వైసులో నొక్కకు, ఒకచోట అణిగి ఇంకోచోట లేస్తుంది. లిప్స్ విచ్చినదీ, గోడ ఉబ్బినదీ మార్చెయ్యడమే నయం. ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాళ్లున్నారు, వాళ్ల పనితనానికి వంక లేదు. కానీ ఆయుధం మరమ్మతుకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం వేరే లైసెన్సు ఉండాలి. తుడుచుకోవడం మన పని. క్యాచ్ మార్చడం, స్క్రూ పొడవు తగ్గించడం, గూడు సరిచెయ్యడం లైసెన్సున్న ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడి) పని. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు నువ్వు రాసుకున్న కాగితం, సిరా చెరిగిన డొల్ల రెండూ పట్టుకెళ్లు.

ముందు మూడూ కడిగి ఆరబెట్టి ఒక్కోదానికీ నలభై పరీక్షలూ మళ్లీ చెయ్యి. అప్పటికీ ఆగితే సిరా ఫోటో నాలుగు పక్కలదీ పంపు, చూసి చెబుతాను.

మీ మావయ్య